వన్‌ మోర్‌... ఓకే!

పాడినవారి గొంతు గుర్తుపడతాం. బాణీ కట్టినవారి పేరు చెప్పుకొంటాం. ఆ పాట రికార్డయిన రోజు అద్దం వెనక కూర్చుని ‘ఇది ఉంచుదాం, అది మళ్లీ చేద్దాం’ అని తేల్చిన మనిషి ఎవరో మాత్రం మనకు తెలియదు. చెన్నైలో ఓ తెలుగు సినిమా పాట లైవ్‌ రికార్డింగ్‌ జరుగుతుండగా మ్యూజిక్‌ ప్రొడ్యూసర్‌ వెన్నంటి ఉండి చూసిన విశేషాలే ఈ వారం ముఖచిత్ర కథనం.

నలభై ఒకటో బార్‌ దగ్గర పదహారు కమాన్లూ ఆగిపోయాయి.

హాల్లో ఎవరూ అపస్వరం పలికించలేదు. ఎవరికీ తాళం తప్పలేదు. ఆపింది అద్దానికి ఇవతల, కంట్రోల్‌ రూమ్‌లో కూర్చున్న మ్యూజిక్‌ ప్రొడ్యూసర్‌. హాల్లోకి మాట వినిపించే టాక్‌బ్యాక్‌ బటన్‌ నొక్కిపట్టి, ‘‘మాస్టారూ, నోట్స్‌ అన్నీ కరెక్టే. ఆ ‘పా’ దగ్గర ఫస్ట్‌ వయొలిన్స్‌ కమాను కిందికి లాగుతున్నారు, సెకండ్స్‌ పైకి తోస్తున్నారు. బరువు అటూ ఇటూ అయిపోతోంది. అందరం కిందికే లాగుదామా?’’ అన్నారు.

ముందు కుర్చీలోని పెద్దాయన తల ఊపారు. తన కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, వెనక్కి తిరిగి తమిళంలో రెండు ముక్కలు చెప్పారు. మిగతా స్టాండ్ల మీదా పెన్సిళ్లు కదిలాయి. ‘‘ముప్ఫై తొమ్మిది నుంచి... వన్‌ మోర్‌.’’ హెడ్‌ఫోన్లలో తాళం చెప్పే ‘క్లిక్‌’ మొదలైంది. ఈసారి అదే ‘పా’ వచ్చేసరికి, సంగీతం చదువుకోని చెవికి కూడా తేడా తెలిసింది. ‘‘ఓకే. నెక్స్ట్‌.’’

రోజంతా ఆయన నోట ఎక్కువసార్లు వినపడినవి ‘వన్‌ మోర్‌’, ‘ఓకే’ అన్న ఆ రెండు మాటలే. వాటిలో ఏది అనాలో తేల్చుకోవడమే ఆయన ఉద్యోగం. అందుకు దొరికే వ్యవధి మహా అయితే మూడు సెకన్లు. టేక్‌ ఆగాక హాల్లోవాళ్లు తలెత్తి అద్దంవైపు చూస్తారు. ఆలోగా మాట రావాలి. ఆలస్యమైతే వాయించినవారికి తమమీద తమకే అనుమానం మొదలవుతుంది.

సినిమా విడుదల కాలేదు కాబట్టి లోపలికి రానివ్వడానికి కొన్ని షరతులు పెట్టారు. ఫోన్‌ బయట ఇచ్చేయాలి. సినిమా పేరు, పల్లవి, సంగీత దర్శకుడి పేరు రాయకూడదు. మ్యూజిక్‌ ప్రొడ్యూసర్‌ తన పేరూ వద్దన్నారు. అందుకే ఈ కథనంలో ఆయన ‘ప్రొడ్యూసర్‌’ మాత్రమే.

పేరు కొత్తది, పని పాతది

సినిమావాళ్లలో ప్రొడ్యూసర్‌ అంటే డబ్బు పెట్టే నిర్మాత. పాట పుట్టే గదిలో లెక్క వేరు. సంగీత దర్శకుడు బాణీ కడతారు. దానికి ఏ వాద్యం ఎక్కడ రావాలి, ఎందరు వాయించాలి, ఎవరు ఏ మైకు ముందు కూర్చోవాలి, వాయించినవాటిలో ఏది పాటలోకి వెళ్లాలి... ఇదంతా మ్యూజిక్‌ ప్రొడ్యూసర్‌ చూసుకుంటారు. కొందరు సంగీత దర్శకులు ఈ పనీ తామే చేసుకుంటారు. మరికొందరి దగ్గర ప్రోగ్రామర్‌, అరేంజర్‌, ప్రొడ్యూసర్‌ అన్నీ ఒక్కరే.

ఆ పేరు లేని రోజుల్లోనూ ఆ మనిషి ఉన్నాడు. కె.వి.మహదేవన్‌కు పుహళేంది కుడిభుజం. ఇళయరాజా సొంతంగా సినిమాలు చేయకముందు జి.కె.వెంకటేశ్‌ దగ్గర సహాయకుడు. కీరవాణి చక్రవర్తి దగ్గర పనిచేశారు. ఎ.ఆర్‌.రెహమాన్‌ రాజ్‌-కోటి పాటలకు కీబోర్డు వాయించారు. తెరమీద పెద్దక్షరాల్లో పేరు పడకముందు వీళ్లంతా రికార్డింగ్‌ థియేటర్లలోనే చెవులకు పదును పెట్టుకున్నారు. వయొలిన్‌ నేర్చుకుని, కీబోర్డు ప్రోగ్రామింగ్‌తో పొట్టపోసుకుని, ఇప్పుడీ కుర్చీలోకి వచ్చిన మన ప్రొడ్యూసర్‌దీ ఆ దారే.

తెలుగు సినిమా మద్రాసు వదిలి హైదరాబాద్‌కు వచ్చి దశాబ్దాలైంది. స్ట్రింగ్స్‌ సెక్షన్‌ (తీగవాద్యాల బృందం) అవసరమైతే మాత్రం ఇప్పటికీ చాలామంది చెన్నై రైలో విమానమో ఎక్కుతారు. పాశ్చాత్య నొటేషన్‌ను చూసిన వెంటనే వాయించగలిగి, గమకం అడిగితే అదీ పలికించగల వయొలిన్‌ కళాకారులు తరాలుగా ఒకేచోట పోగుపడిన ఊరది.

కంప్యూటర్‌లో పాట ముందే ఉంది

నిజానికి ఈ పాట అప్పటికే పూర్తయింది, కంప్యూటర్‌లో. ముందే రికార్డు చేసి ఉంచిన స్వరాల శాంపిల్‌ లైబ్రరీల్లోంచి తెచ్చిన వయొలిన్లు, చెల్లోలు, సన్నాయి, డోలు అన్నీ పేర్చి ప్రొడ్యూసర్‌ డెమో తయారుచేశారు. దర్శకుడు దానికి సరేనన్నాడు. షూటింగ్‌ కూడా ఆ డెమో మీదే జరిగింది. ఉదయం అది వినిపించినప్పుడు ‘బాగానే ఉందిగా, ఇంతమందిని పిలవడం ఎందుకు?’ అన్న ప్రశ్న రాకమానదు. అడిగితే నవ్వి ఊరుకున్నారు.

మధ్యాహ్నం, స్ట్రింగ్స్‌ అయిపోయాక, అదే భాగాన్ని రెండు విధాలా వినిపించారు. ముందు డెమో. తర్వాత పొద్దున రికార్డు చేసింది. ‘‘మొదటిదాంట్లో పదహారు తీగవాద్యాలూ ఒక్క మనిషి వాయించినట్టు ఉంటాయి. రెండోదాంట్లో పదహారు మంది ఒక్క మాట మీదికి వచ్చినట్టు ఉంటుంది’’ అన్నారు. సంగతేమిటంటే, పదహారు మంది ఎంత కలిసి వాయించినా స్వరం మొదలవడంలో ఒకరికీ ఇంకొకరికీ సెకనులో ఏ వందో వంతో తేడా ఉంటుంది. ఒకరి వేలు తీగమీద ఊగే వేగం మరొకరికి ఉండదు. ఈ చిన్నచిన్న తేడాలన్నీ కలిసే చెవికి ‘నిండుగా ఉంది’ అనిపించేది. కంప్యూటర్‌లోనూ అలాంటి తేడాలు పుట్టించవచ్చు. కానీ పక్కవాడి ఊపిరి విని తన కమానును సర్దుకునే పని మాత్రం దానికి రాదు.

డెమోను మనుషులు వాయించే పాటగా మార్చేందుకు ముందు రోజుల్లో చాలా తతంగం నడిచింది. ప్రతి వాద్యానికీ విడివిడిగా నొటేషన్‌ ప్రింట్లు తీశారు. బార్లకు, అంటే తాళంలో ఒక్కో ఆవృతానికి, నంబర్లు వేశారు. పేజీ చివర వాద్యానికి విరామం వచ్చేలా సర్దారు. స్వరం సాగుతుండగా పేజీ తిప్పితే ఆ చప్పుడూ మైకులోకి వెళ్తుంది మరి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో పటం గీశారు. తొమ్మిదికి కాల్‌షీట్‌ మొదలైతే, ప్రొడ్యూసర్‌, ఇంజినీర్‌ ఏడింటికే హాల్లో ఉన్నారు. కుర్చీలన్నిటి మీదా ఒక్కోసారి కూర్చుని లేచారు. రెండు కిర్రుమన్నాయని బయటకు పంపించేశారు.

మైకు ఎక్కడ పెడితే పాట అక్కడ

హాల్లో మధ్యన, మనిషికంటే ఎత్తులో, స్టాండుకు మూడు మైకులు త్రికోణంలో వేలాడుతున్నాయి. దాన్ని ‘డెక్కా ట్రీ’ అంటారు. బ్రిటన్‌కు చెందిన డెక్కా కంపెనీ ఇంజినీర్లు 1950ల్లో ఆర్కెస్ట్రా రికార్డింగులకోసం రూపొందించిన అమరిక. హాలు మొత్తాన్నీ కలిపి వినేది అదే. ఇవికాక ఒక్కో సెక్షన్‌కు దగ్గరగా విడి మైకులు. దూరపు మైకుల్లో గది వినపడుతుంది, దగ్గరి మైకుల్లో తీగమీద కమాను రాపిడి వినపడుతుంది. పాటకు ఏది ఎంత కావాలన్నది ప్రొడ్యూసర్‌ ఇష్టం.

ఈ ఇష్టాయిష్టాలే కొన్నిసార్లు చరిత్ర అయ్యాయి. 1966లో లండన్‌లో బీటిల్స్‌ బృందం ‘ఎలినార్‌ రిగ్బీ’ రికార్డు చేసినప్పుడు అందులో గిటార్లు, డ్రమ్స్‌ లేవు. ఎనిమిది తీగవాద్యాలు మాత్రమే. ప్రొడ్యూసర్‌ జార్జ్‌ మార్టిన్‌. ఇంజినీర్‌ జెఫ్‌ ఎమెరిక్‌ మైకులను వాద్యాలకు తగిలేంత దగ్గరగా పెట్టాడు. అంత దగ్గరగా అయితే చిన్న లోపం కూడా దాగదు. అందుకే వాయించేవాళ్లు కుర్చీలు వెనక్కి జరుపుకొంటూ పోయారని ఆయనే తర్వాత చెప్పుకొచ్చాడు. ఆ పాటలో కోసినట్టుండే వయొలిన్‌ నాదం అలా పుట్టింది.

చెన్నై హాల్లో ఎవరూ కుర్చీ జరపలేదుగానీ, చేతి గడియారాలు తీసేశారు. ఎర్రదీపం వెలగ్గానే ఏసీ ఆగిపోతుంది. నాలుగైదు నిమిషాలకే చెమటలు. టేక్‌ అవగానే మళ్లీ ఏసీ. చల్లబడితే తీగల శ్రుతి కదులుతుంది కాబట్టి మళ్లీ శ్రుతి చూసుకోవడం. ఉదయమంతా ఇదే వరస.

టిక్కు, సున్నా, ‘త’

ప్రొడ్యూసర్‌ ముందు పెద్ద స్క్రీన్‌ ఉన్నా ఆయన చూపు ఎక్కువగా ఒడిలోని నోట్‌పుస్తకం మీదే. ప్రతి టేక్‌కూ, ప్రతి బార్‌కూ అందులో ఒక గుర్తు పడుతుంది. టిక్కు పెడితే బాగుంది. సున్నా చుడితే మళ్లీ చేయాలి. ‘త’ అని రాస్తే తర్వాత చూసుకోవచ్చు.

ఆ మూడో గుర్తే ఈ కాలపు ప్రొడ్యూసర్‌ చేతిలోని అసలు ఆయుధం. ఇప్పుడు ‘తర్వాత’ చూసుకోలేనిది చాలా తక్కువ. శ్రుతి కాస్త తగ్గితే పెంచవచ్చు. ఆలస్యమైన స్వరాన్ని ముందుకు జరపవచ్చు. ఒక టేక్‌లో మొదటి సగం, ఇంకో టేక్‌లో రెండో సగం తీసుకుని అతుకు తెలియకుండా కలపవచ్చు. శ్రుతిని సరిచేసే ‘ఆటో-ట్యూన్‌’ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్‌ అంతకుముందు భూమి లోపలికి ధ్వని తరంగాలు పంపి చమురు జాడ కనిపెట్టే రంగంలో పనిచేశాడు. ఆ గణితమే పాటల గదిలోకి వచ్చి కూర్చుంది.

అన్నీ సరిచేయగలిగినప్పుడు అక్కడికక్కడ ఆపి మళ్లీ వాయించమనడం ఎందుకు? ఆయన పుస్తకంలో సున్నాలు ఎక్కడ పడ్డాయో చూస్తే జవాబు తెలుస్తుంది. ఒక వయొలిన్‌ శ్రుతి రవంత తగ్గినచోట ‘త’ పడింది. చెల్లో కాస్త తొందరపడినచోటా ‘త’నే. కమాన్లు తలోవైపు కదిలిన నలభై ఒకటో బార్‌కు మాత్రం సున్నా. అందరూ సరిగ్గానే వాయించినా ఒకరి మాట ఒకరు వినకుండా వాయించిన ఇంకో భాగానికీ సున్నా. ‘‘తప్పును సరిచేసే బటన్‌ ఉంది. ఒద్దికను తెచ్చే బటన్‌ లేదు’’ అన్నారు ఇంజినీర్‌ వైపు చూసి. సాఫ్ట్‌వేర్‌ పెరిగినకొద్దీ ప్రొడ్యూసర్‌ పని సులువైందనుకుంటాం. ఇక్కడ చూస్తే వినాల్సినదేదో మారిందంతే. ఒకప్పుడు తప్పులకోసం వినేవారు. ఇప్పుడు తర్వాత ఎవరూ బాగుచేయలేనిదానికోసం వింటున్నారు.

టీ విరామం తర్వాత వాయించినవాళ్లనే లేపి కుర్చీలు మార్పించారు. వెనకవాళ్లు ముందుకు, ముందువాళ్లు వెనక్కు. అదే భాగాన్ని మళ్లీ రికార్డు చేసి మొదటిదానిమీద కలిపితే పదహారు మంది ముప్ఫై రెండు మందిలా వినిపిస్తారు. దీన్ని డబ్లింగ్‌ అంటారు. కుర్చీలు మార్చకపోతే అదే వాద్యం అదే దిక్కు నుంచి అదే నాదంతో రెండుసార్లు పడి, మంది పెరిగినట్టు ఉండదు. నిర్మాత ముప్ఫై రెండు మందికి డబ్బు ఇవ్వలేనప్పుడు వాడే పాత చిట్కా ఇది.

ఒంటిగంటకు కాల్‌షీట్‌ ముగిసింది. పన్నెండు యాభైకి చివరి టేక్‌కు ‘ఓకే’ అన్నారు. మిగిలిన పది నిమిషాల్లో ఇంకో టేక్‌ అడగవచ్చు. అడగలేదు. ‘‘చేతులు అలిసిపోయాయి. ఇప్పుడు అడిగితే ఇస్తారు, కానీ ఇంతకంటే బాగా రాదు’’ అన్నారు.

సన్నాయికి క్లిక్‌ అక్కర్లేదు

మధ్యాహ్నం హాలు స్వరూపమే మారిపోయింది. స్టాండ్లు, కుర్చీలు పోయాయి. నేలమీద జంపఖానా పరిచారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సన్నాయి విద్వాంసుడు, డోలు వాయించే ఆయన మేనల్లుడు వచ్చి కూర్చున్నారు. ఆ చుట్టుపక్కల ప్రాంతం సన్నాయికి, అంటే నాదస్వరానికి, పేరుపడింది. శ్రీరంగంలో స్థిరపడి దేశమంతా పేరు తెచ్చుకున్న షేక్‌ చినమౌలానా పుట్టింది ఒంగోలు దగ్గరి కరవదిలోనే.

పెళ్లి ఊరేగింపు సన్నివేశం. ఆనందభైరవి ఛాయలున్న బాణీ. ఈ గంట సెషన్‌ కోసం ప్రొడ్యూసర్‌ కొన్ని వారాల ముందే మూడు నిర్ణయాలు తీసుకుని ఉన్నారు. మొదటిది, పాట శ్రుతి. వయొలిన్‌ను ఏ శ్రుతిలోనైనా వాయించవచ్చు. సన్నాయి పొడవు ఎంతుందో దాని శ్రుతి అంత. అందుకే విద్వాంసుడికి ముందే ఫోన్‌ చేసి, ఆయన వాద్యం శ్రుతి అడిగి, పాట మొత్తాన్నీ దానికి తగ్గట్టు మార్చారు. రెండోది, సన్నాయి వచ్చే చోట వయొలిన్లకు గాంధారం లేకుండా రాశారు. సన్నాయి గాంధారం ఊగుతూ పలుకుతుంది. వెనక వయొలిన్లు అదే గాంధారాన్ని కదలకుండా పట్టుకుంటే రెండూ కొట్టుకుంటాయి. అందుకని పొద్దున వాళ్లు అక్కడ షడ్జమ పంచమాలే వాయించారు. మూడోది, సన్నాయికి నొటేషన్‌ కాగితం పంపలేదు. బాణీ పాడి పంపారు.

మైకును వాద్యం చివరి గిన్నె దగ్గర పెట్టలేదు. అయిదారడుగుల దూరంలో పెట్టారు. సన్నాయి నాదం గిన్నెలోంచే కాదు, వేళ్లు ఆడే రంధ్రాలన్నిటిలోంచీ వస్తుంది. పైగా గుడి మాడవీధుల్లో వినపడటానికి పుట్టిన వాద్యం. దగ్గరి మైకు తట్టుకోలేదు. విద్వాంసుడు రెల్లు పీకను తడుపుకొంటూ పావుగంట ఊరికే ఊదారు. వాద్యం లోపల గాలి వేడెక్కితే శ్రుతి కొద్దిగా పైకి వెళ్తుంది. వేడెక్కి ఒకచోట నిలబడేదాకా రికార్డింగ్‌ మొదలుపెట్టలేదు. వాద్యం అడుగున వేళ్లు తగలని రంధ్రాలు కొన్ని ఉంటాయి. వాటిలో మైనం పెట్టి నాదాన్ని సర్దుకుంటారు. ఆ పనీ అయింది.

డోలు మోతకు సన్నాయి మైకు నిండిపోతుందని మేనల్లుడిని పక్కనున్న అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఇద్దరికీ హెడ్‌ఫోన్లు, అందులో క్లిక్‌. మొదటి టేక్‌ శుభ్రంగా వచ్చింది. ఎక్కడా తప్పులేదు. కానీ ఊరేగింపు కదల్లేదు.

విద్వాంసుడు హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టారు. ‘‘బాబూ, చెవిలో ఈ టిక్కుటిక్కు పోరు పడలేకపోతున్నా. మావాడు నాకు కనపడితే చాలు, తాళం మీరు చెప్పక్కర్లేదు.’’

అక్కడో చిక్కుంది. పొద్దున స్ట్రింగ్స్‌ అంతా క్లిక్‌ మీదే రికార్డయింది. వీళ్లు క్లిక్‌ వదిలేస్తే లయ పెరగడమో తగ్గడమో జరిగి రెండూ కలవవు. ప్రొడ్యూసర్‌ కాసేపు ఆలోచించి హాల్లోకి వెళ్లారు. డోలును అద్దాల గదిలోంచి బయటకు తెప్పించి సన్నాయికి ఎదురుగా కూర్చోబెట్టారు. క్లిక్‌ను మేనల్లుడికి మాత్రమే, అదీ ఒక్క చెవిలో పెట్టారు. విద్వాంసుడికి క్లిక్‌ లేదు, హెడ్‌ఫోన్లే లేవు. ఆయన డోలు వింటారు, డోలు క్లిక్‌ వింటుంది.

‘‘అన్నా, సన్నాయి మైకులో డోలు పడిపోతుంది. మిక్సింగ్‌లో మళ్లీ ఎక్కువ తక్కువలు చేసుకోలేం’’ అని గుర్తుచేశాడు ఇంజినీర్‌.

‘‘చేసుకోలేం. ఇప్పుడే తేల్చుకుందాం’’ అన్నారు ప్రొడ్యూసర్‌. తర్వాతి అరగంట నాబ్‌ ఒక్కటీ తిప్పలేదు. డోలును రెండడుగులు వెనక్కి జరిపించారు, విన్నారు. కాస్త పక్కకు తిప్పించారు, విన్నారు. జంపఖానాను ఇంకో మడత వేయించారు. తూకం కుదిరాక వెళ్లి కూర్చుని రికార్డు బటన్‌ నొక్కమన్నారు.

రెండో టేక్‌లో మేనమామ ఒకచోట అనుకున్న సంగతి కాకుండా కొత్త సంగతి వేశారు. మేనల్లుడు కళ్లతోనే పసిగట్టి ముక్తాయింపు మార్చాడు. క్లిక్‌ దగ్గరికి ఇద్దరూ కలిసే దిగారు. నోట్‌పుస్తకంలో టిక్కు పడింది. ‘త’ అన్న గుర్తు ఆ పేజీలో ఒక్కటీ లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. సరిచేసుకునే దారిని ఆయనే మూసేసి, దానికి బదులు ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుంటూ వాయించడాన్ని కొనుక్కున్నారు. ఆ రోజు చూసినవాటిలో అసలైన ప్రొడ్యూసర్‌ పని అదే.

ఒకే మైకు నుంచి కంప్యూటర్‌ దాకా

* 1930ల మొదట్లో: టాకీలు వచ్చిన కొత్తలో నటీనటులే షూటింగ్‌లో పాడేవారు. వాద్యకారులు కెమెరాకు కనపడకుండా పక్కన నిలబడి వాయించేవారు.
* 1950లు: ప్లేబ్యాక్‌ స్థిరపడింది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్‌’ (1957) కాలమది. గాయకులు, వాద్యబృందం కలిసి ఒకేసారి రికార్డింగ్‌. చివరి చరణంలో ఒకరు తడబడినా పల్లవి నుంచి మళ్లీ అందరూ వాయించాల్సిందే. వాద్యాల హెచ్చుతగ్గులు మైకుకు ఎవరు ఎంత దూరంలో ఉన్నారన్నదాన్నిబట్టే.
* ఆ తర్వాత: బహుళ ట్రాకుల టేపులు వచ్చాయి. వాద్యాలు ఒకరోజు, గాయకులు మరోరోజు రికార్డు చేసే వీలు కలిగింది.
* 1983: వేర్వేరు కంపెనీల కీబోర్డులు, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ‘మిడి’ ప్రమాణం వచ్చింది. ప్రోగ్రామర్‌ అనే కొత్త ఉద్యోగం పుట్టింది.
* 1992: ‘రోజా’ విడుదల. కోడంబాక్కంలో రెహమాన్‌ కట్టుకున్న పంచతన్‌ రికార్డ్‌ ఇన్‌, ఇంటి స్టూడియో నుంచి కూడా దేశం వినే పాట వస్తుందని చూపింది.
* ఇప్పుడు: వందల ట్రాకులు, ఎన్ని టేకులైనా. కాల్‌షీట్‌ మాత్రం గంటల లెక్కే.

అద్దానికి అవతల మనుషులు

ప్రొడ్యూసర్‌ పనిలో సంగీతం సగం, మనుషుల్ని పట్టుకురావడం సగం. 1985 జనవరి 28 రాత్రి లాస్‌ ఏంజెలెస్‌లో ఆఫ్రికా కరవు బాధితుల సహాయార్థం ‘వియ్‌ ఆర్‌ ద వరల్డ్‌’ పాట రికార్డయింది. నలభై మందికిపైగా గాయకులు, అందరూ తారలే. ఒక్క రాత్రే గడువు. ప్రొడ్యూసర్‌ క్విన్సీ జోన్స్‌ తలుపు దగ్గర ఒక కాగితం అంటించారు: అహాన్ని బయటే వదిలి రండి అని. తెల్లారేసరికి పాట చేతికొచ్చింది.

మన దగ్గర తలుపులకు కాగితాలు అంటించరు. పలకరింపులే ఆ పని చేస్తాయి. వయసులో పెద్దవాడైన స్ట్రింగ్స్‌ లీడర్‌కు ప్రొడ్యూసర్‌ ఎప్పుడూ తప్పు చెప్పలేదు, ‘ఇలా చేద్దామా మాస్టారూ’ అనే అన్నారు. వెనక వరసలో ఒక కుర్రాడు పదేపదే తొందరపడుతుంటే పేరు పెట్టి పిలవలేదు. ‘‘సెక్షన్‌ అంతా కాస్త నిదానంగా’’ అన్నారు. కుర్రాడికి అర్థమైంది. పక్కవాళ్లకు తెలియలేదు. సన్నాయి విద్వాంసుడితో మాట్లాడాల్సి వచ్చిన ప్రతిసారీ టాక్‌బ్యాక్‌ వదిలేసి స్వయంగా హాల్లోకి వెళ్లారు.

అద్దానికి అటూ ఇటూ నడిచే ఈ పని ఇప్పుడు కంప్యూటర్‌ తెరల మీదికీ వెళ్లింది. పెద్ద ఆర్కెస్ట్రా కావాలనుకున్నవారు హంగరీలోని బుడాపెస్ట్‌, ఉత్తర మాసిడోనియాలోని స్కోప్యె నగరాల వైపు చూస్తున్నారు. ఇళయరాజా ‘తిరువాచకం’ 2005లోనే బుడాపెస్ట్‌ సింఫనీ ఆర్కెస్ట్రాతో వచ్చింది. నేడు అక్కడిదాకా వెళ్లే పని కూడా లేదు. అక్కడ ఉదయం పదింటికి సెషన్‌ మొదలైతే వేసవిలో మనకు మధ్యాహ్నం ఒకటిన్నర, చలికాలంలో రెండున్నర. హైదరాబాద్‌లో కూర్చుని ఆన్‌లైన్‌లో వింటూ, ‘వన్‌ మోర్‌’ అని మైకులో చెబితే అక్కడ మళ్లీ వాయిస్తారు. మన ప్రొడ్యూసర్‌ అలాంటివీ చేశారు. ‘‘వాయిద్యం అద్భుతం, క్రమశిక్షణ అద్భుతం. గమకం అడిగితే మాత్రం కాగితం మీద రాసివ్వమంటారు’’ అన్నారు. ఇక రెండు వాక్యాలు టైప్‌ చేస్తే పాట మొత్తం అల్లి ఇచ్చే సాఫ్ట్‌వేర్లు కూడా వచ్చేశాయి. వాటి గురించి ఆయనకు భయం ఉందా అంటే, ఉందనే చెప్పారు. డెమోలు, ప్రకటనల సంగీతంతో బతికే కొత్త కుర్రాళ్లకు ముందు దెబ్బ తగులుతుందట.

పేరుకు విలువెంత?

సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక అసిస్టెంట్‌ రికార్డయినదంతా రెండు డ్రైవుల్లోకి కాపీ చేస్తున్నాడు. ప్రొడ్యూసర్‌ ఒక కాగితం తీసుకుని వాయించిన అందరి పేర్లూ, అక్షరదోషాలు లేకుండా, ఎవరిది ఏ వాద్యమో రాయించారు. పాట హక్కులు కొన్న ఆడియో కంపెనీకి అది వెళ్తుంది. ‘‘పంపడం వరకే మా చేతిలో ఉంది. వేయడం వాళ్ల చేతిలో’’ అన్నారు.

ఆ కాగితం గౌరవానికి సంబంధించినది మాత్రమే అనుకుంటే పొరపాటు. చిత్తూరులో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి.శ్రీనివాసన్‌ వంటివారు మద్రాసులో సినీ వాద్యకారులకు సంఘం పెట్టించి పని గంటలకు, వేతనాలకు ఒక పద్ధతి తెచ్చారు. రెహమాన్‌ తన క్యాసెట్లు, సీడీల మీద వాద్యకారుల, ఇంజినీర్ల పేర్లు వేయించారు. 2012లో కాపీరైట్‌ చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే ప్రదర్శకులకు రాయల్టీ దక్కాలన్న హక్కు వచ్చింది. అదే సవరణలో ఒక మెలికా ఉంది. సినిమాలో ఏదో సందర్భవశాత్తూ ప్రదర్శన ఇచ్చి, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం క్రెడిట్స్‌లో ఎక్కడా పేరు పడనివారిని చాలావరకు ‘ప్రదర్శకులు’గా పరిగణించనక్కర్లేదంటుంది. అంటే పేరు పడటం, పడకపోవడం రేపటి హక్కుల లెక్కలోకి కూడా వస్తుంది. పదహారు మంది వయొలిన్‌, వయోలా, చెల్లో కళాకారులు, ఒక సన్నాయి, ఒక డోలు, ఒక ప్రొడ్యూసర్‌, ఒక ఇంజినీర్‌. మొత్తం ఇరవై పేర్లు. వేయడానికి నాలుగు వరుసలు చాలు.

క్యాసెట్‌ అట్టమీద చోటు లేదన్న సాకు ఇప్పుడు చెల్లదు. యాప్‌లోనో, యూట్యూబ్‌లోనో పాట కింద ఎంత రాసినా చోటుంటుంది. కాబట్టి పాఠకులకు ఒక విన్నపం. ఈసారి ఏదైనా పాటలో సన్నాయి మీ మనసును లాగితే, వయొలిన్లు ఒళ్లు పులకరింపజేస్తే, పాట కింద వివరాలు తెరిచి చూడండి. వాయించినవారి పేరు ఉంటే చదవండి. లేకపోతే ఆ కంపెనీ పేజీలోనే అడగండి, ఇది వాయించిందెవరని. అభిమానులు అడిగితే హీరో టీజర్‌నే ముందుకు జరుపుతున్న రోజులివి. పేర్లు వేయమని శ్రోతలు అడిగితే వేయకుండా ఉండలేరు.